ఇచ్చట ఆల్టరేషన్లు చేయబడును

స్కూలు సైన్సు గదిలో కిటికీలకు కర్టెన్లు కొలవడానికి కత్తెరత్త బల్ల మీదకెక్కి నిలబడి ఉంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. అందుకే కింద జరుగుతున్నదంతా కళ్ళారా చూస్తూ కూడా నోరు మెదపలేదు. మామూలుగా అయితే ఆ నోరు అంతసేపు మూతబడి ఉండటం వీధిలో ఎవరూ ఎరగరు. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కాబట్టి తనకా పేరొచ్చిందని ఆమె నమ్మకం. నాలుకను చూసి పెట్టిన పేరని వీధి నమ్మకం. ఎవరి నమ్మకం వాళ్ళది.

కింద టై కట్టుకున్న ఒకాయన రోబో చుట్టూ తిరుగుతున్నాడు. మోటార్లు తయారుచేసే కంపెనీ నుంచి వచ్చాడు. స్కూలు పిల్లలకు ఏటా రోబోల పోటీ పెట్టేది ఆ కంపెనీయే. ఈ స్కూలు జట్టుకు తామే స్పాన్సరుగా ఉంటామని ఎప్పుడో మాటిచ్చింది కూడా. జట్టంటే ఇద్దరే ఆడపిల్లలు. ఒకతె కత్తెరత్త అన్న కూతురు, ఒకచోట నిలవదు కాబట్టి అందరికీ బొంగరం. రెండోది దాని నేస్తం. ఏమడిగినా ‘ఊఁ’ అంటుందే గాని ఇంకో మాట ఆడదు, అందుకని ఊఁపిల్ల.

"నడిపించి చూపించండమ్మా," అంది సైన్సు టీచరు.

రోబో గుర్రుమని కదిలింది. ముందున్న కాన్వాసు పట్టీ తిరుగుతూ నేలమీది ప్లాస్టిక్ బంతుల్ని ఒక్కొక్కటే పైకి లాగి కడుపులో వేసుకుంది. నెమ్మదిగా వాలుబల్ల ఎక్కింది, దిగింది, బుట్ట దగ్గర ఆగి బంతులన్నీ అందులో కుమ్మరించింది. ఒక్కటీ కింద పడలేదు. బొంగరం టై ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఫోన్లో తీసుకున్న ఫొటో వంక చూసుకుంటున్నాడు.

"పనిచేస్తోంది, కాదనను," అన్నాడు. "కానీ టీచరుగారూ, ఇదేంటి, ఇలా బోర్లించిన పెట్టెలా ఉంది? టీవీవాళ్ళు వస్తారు. దీని మీద మా లోగో వేస్తే ఏం బావుంటుంది చెప్పండి. మా కాలనీ స్కూలు జట్టు ఎలాగూ ఉంది. వీళ్ళని ఈ ఏడాదికి పోనివ్వండి."

"స్పాన్సరు లేకపోతే పోటీకే రానివ్వరు కదండీ. ఆదివారమే పోటీ. ఇప్పటికిప్పుడు ఎవర్ని పట్టుకోను?"

"ఏం చేస్తామండీ, రూలు అందరికీ ఒకటే కదా."

బొంగరం కదలకుండా నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అలా నిలబడటం కత్తెరత్త చూడలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. నోట్లోని సూదులన్నీ అరచేతిలోకి తీసుకుంది.

"అయ్యా, దాన్ని ఒకసారి తిరగేసి చూశారా?"

ఆయన తలెత్తాడు. "మీరెవరండీ?"

"కర్టెన్లు కుట్టేదాన్ని. బట్టను పైపైన చూసి బావుందో లేదో చెప్పేస్తే మాకు కూడు పుట్టదు. తిరగేసి కుట్టు చూస్తాం."

"అలాగా," అని ఆయన నవ్వి, టీచరుకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే ఆయన ప్యాంటు కుడికాలి అంచు జారి మడమ కింద నలుగుతోంది. కత్తెరత్త కన్ను దాని మీద పడింది. ఆమె కన్ను అలాంటివాటి మీదే పడుతుంది.

ఆమె బల్ల దిగి రోబో దగ్గర గొంతుక్కూర్చుంది. చెక్క మూత మీద చెయ్యి వేసి తడిమింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏమే, ఇది నా మిషను మూత కాదుటే?"

బొంగరం తల దించుకుంది. "వాడట్లేదు కదా అని, అత్తా..."

"వాడక కాదే, కనబడక. ఇల్లంతా వెతికి వెతికి, చివరికి మిషను మీద పాత దుప్పటి కప్పుతున్నాను."

తిట్టాల్సినంత తిట్టాక రోబోను రెండు చేతులా ఎత్తి తిరగేసింది. లోపల తీగలు రంగుకో వరసన సాగి, మలుపు మలుపుకీ దారంతో కట్టి ఉన్నాయి. వేలాడే కొస ఒక్కటి లేదు. కాన్వాసు పట్టీకి ప్యాంటు నడుముల్లో వేసే ఎలాస్టిక్ వేశారు. అదీ తన కొట్లోదే. కత్తెరత్త చాలాసేపు చూసింది.

"ఈ కొసలు కత్తిరించిందెవరు?"

"ఊఁ," అంది ఊఁపిల్ల, చెయ్యెత్తి.

"నా దగ్గర పని నేర్చుకుపోయిన ఒక్కదానికీ ఈ అలవాటు రాలేదు," అని కత్తెరత్త టీచరు వైపు తిరిగింది. "స్పాన్సరంటే ఏం చెయ్యాలమ్మా?"

"ఏదైనా లైసెన్సున్న పరిశ్రమో వ్యాపారమో అయ్యుండాలండీ. రోబో మీద వాళ్ళ పేరు అరచేయంత ఉండాలి. పోటీ రోజు వచ్చి కూర్చోవాలి. అంతే."

"నా కొట్టుకి లైసెన్సుంది. గోడకి తగిలించాను, చూసిన పాపాన పోయినవాళ్ళు లేరు గానీ. రాసెయ్యండి నా పేరు."

టీచరు ఆమె వంక చూసింది, పిల్లల వంక చూసింది, కంప్యూటరు తెరిచింది. కత్తెరత్త మళ్ళీ బల్లెక్కి సూదులు నోట్లో పెట్టుకుంది. ఇలాంటి నిర్ణయాలు ఆలస్యం చేస్తే భయం వేస్తుందని ఆమెకు తెలుసు.

"సంస్థ పేరు?" అంది టీచరు.

కొట్టుకు పేరంటూ ఎప్పుడూ లేదు. కత్తెరత్త సూదుల మధ్య నుంచి "మ్‌మ్" అంది.

"బోర్డు మీద ఏముందమ్మా?" అని టీచరు బొంగరాన్ని అడిగింది.

చిన్నప్పుడు ఆ బోర్డు మీదే అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న బొంగరం గుక్క తిప్పుకోకుండా చెప్పింది. టీచరు టైపు చేసి పంపేసింది. పంపాక మార్చడానికి వీల్లేదని తెర మీద వచ్చింది. అప్పుడు పైకి చదివింది: "స్పాన్సరు: ఇచ్చట ఆల్టరేషన్లు చేయబడును."

సూదులు నేలమీద జలజలా రాలాయి.

"అది పేరేంటే, బుద్ధిలేనిదానా. అది చేసే పని."

"కంపెనీ పేరులో మోటార్లు అని లేదా అత్తా? వాళ్ళకూ పనే పేరు," అంది బొంగరం. అంటూ గిర్రున ఒక చుట్టు తిరిగింది. ఆ తిరగడం చూశాక కత్తెరత్తకు తిట్టడానికి నోరు రాలేదు.

&nbsp;

ఆ సాయంత్రానికే సంగతి వీధంతా పాకింది. పక్కన గుండీలు అమ్మే కొట్టాయన మెడ చాచి, "స్పాన్సరుగారూ, టీ తాగారా?" అని పలకరించాడు.

"తాగాను. మీరూ ఏదైనా స్పాన్సరు చెయ్యరాదూ, ఓ గుండీ అయినా."

పైకి అలా అన్నదే గాని, లోపల బెరుకుగానే ఉంది. రోబో మీద తన పేరంటే తన కుట్టు కిందే లెక్క. ఆమె తన షరతులు తాను పెట్టింది. పోటీ అయ్యేదాకా పిల్లలిద్దరూ పని కొట్లోనే చెయ్యాలి. స్క్రూలు గుడ్డముక్కల్లో కలపకూడదు. మూతకు గీతలు పడితే ఊరుకోదు. ఆ కంపెనీ ఆయన కూడా ఇన్ని షరతులు పెట్టలేదని బొంగరం గొణిగితే, "ఆయన మూత ఇచ్చాడా?" అని నోరు మూయించింది.

అరచేయంత గుడ్డలో అంత పొడుగు పేరు పట్టించడం మాటలు కాదు. నీలంరంగు ముక్క మీద పసుపు దారంతో అక్షరాలు మొదలుపెట్టింది. ‘ల్ట’ దగ్గర సూది విరిగింది. ‘చేయబడును’ చివర్లో చోటు చాలక ‘ను’ మూలకు వంగింది. విప్పి మళ్ళీ కుట్టింది. గిరాకీలకు ఇవ్వాల్సిన ప్యాంట్లు కుర్చీ మీద పేరుకుపోయాయి. అడగడానికి వచ్చిన వాళ్ళకు "స్పాన్సరు పని మీద ఉన్నాను, రేపు రండి" అని చెప్పడంలో ఆమెకు కొత్త సుఖం ఒకటి దొరికింది.

శనివారం పగలంతా రోబో కొట్లో నేలమీద తిరిగింది. మిషను కింద రాలిన దారప్పోగులు తిని తిని చక్రాలు బిగుసుకున్నాయి. ఊఁపిల్ల ఒక పోగు పట్టి లాగబోయింది.

"లాగకే. లాగేకొద్దీ బిగుసుకుంటుంది. ఇరుసు వెంబడి నిలువుగా కొయ్యాలి," అంది బొంగరం. కుట్లు విప్పే చిన్న కత్తి తీసి ఇరుసు పొడుగునా గీసింది. పోగులన్నీ రెండుగా తెగి ఊడొచ్చాయి. నడవడం రానప్పటి నుంచీ ఆ మిషను కిందే ఆడుకున్న పిల్ల. ఆ మాటలూ ఆ విసురూ అచ్చం అత్తవే. కత్తెరత్త తల వంచుకుని కుడుతూ మురిసిపోయింది.

వెంటనే భయం వేసింది. రేపు ఓడిపోతే? ఓడితే ఓడారు, ప్రపంచం ఏమీ మునిగిపోదు. కానీ ఆ రోజు సైన్సు గదిలో చూసిన బొంగరం మొహాన్ని మళ్ళీ చూసే ఓపిక తనకు లేదు. అటక మీద నుంచి తన మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకుంది.

&nbsp;

పోటీ హాల్లో స్పాన్సర్లకు ముందు వరస. కుర్చీ కుర్చీకి కంపెనీ పేరు రాసిన కాగితం అంటించారు. కత్తెరత్త తన పేరున్న కుర్చీ వెతుక్కుని కూర్చుందో లేదో, బిడ్డనెత్తుకున్న తల్లి ఒకావిడ వచ్చి కాగితం చదివి, "అమ్మయ్య, ఇక్కడ చేస్తారా? చూడండి, ఈ సంచీ జిప్పు పడట్లేదు," అంది.

తను స్పాన్సరునని చెప్పబోయి, జిప్పు వంక చూసింది కత్తెరత్త. ఊరుకోలేకపోయింది. పళ్ళతో కొస నొక్కి, జిప్పును రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి ఇచ్చింది. కాస్త అవతల కుర్చీలో టై ఆయన ఇదంతా చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

మైకు పట్టుకున్నాయన జట్ల పేర్లు చదువుతున్నాడు. అన్నీ నోరు తిరగని పెద్ద పెద్ద పేర్లు. "తరువాతి జట్టు. సమర్పిస్తున్నవారు, ఇచ్చట..." అని ఆగాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. పక్కనున్న మనిషిని ఏదో అడిగాడు. "ఇచ్చట ఆల్టరేషన్లు చేయబడును వారండీ."

హాలంతా గొల్లున నవ్వింది. కత్తెరత్తకు చెవులు వేడెక్కాయి. చుట్టూ తాడు కట్టిన పోటీ రింగులో బొంగరం మాత్రం, ఊఁపిల్ల చెయ్యి పట్టుకుని, అదేదో పెద్ద బిరుదైనట్టు జనానికి నమస్కారం పెట్టింది.

మొదటి ఆటలు ఉత్త చెక్క నేల మీద జరిగాయి. మిగతా రోబోలు తళతళా మెరుస్తూ, బాణాల్లా దూసుకుపోయి, వాలుబల్ల మీద బంతులు పారేసుకున్నాయి. మన పిల్లల మిషను మూత మాత్రం నింపాదిగా వెళ్ళి, నింపాదిగా వచ్చి, ఉన్నవన్నీ బుట్టలో పోసింది. ఒక ఆట గెలిచింది. ఇంకోటి గెలిచింది. నవ్వినవాళ్ళు కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. చివరి ఆట కంపెనీ కాలనీ స్కూలుతో.

టీవీవాళ్ళు వచ్చింది అప్పుడే. వాళ్ళ కోసమని కంపెనీవాళ్ళు రింగులో కొత్త తివాచీ పరిచారు. మధ్యలో ఇంత మేర వాళ్ళ లోగో. కత్తెరత్త దాన్ని చూసీ చూడగానే కుర్చీ అంచుకు జరిగింది. కొత్త నూలు, రాలే నూలు.

ఈల మోగింది. రెండు రోబోలూ బయల్దేరాయి. లోగో మీదకు వచ్చేసరికి కంపెనీ రోబో మూలిగింది. మూత కూడా మూలిగింది. నూలుపోగులు చక్రాలకు చుట్టుకుని, ముందు ఒకటి, తరువాత రెండోది నిలిచిపోయాయి. కాసేపు విరామం ఇచ్చారు. రింగులోకి పిల్లలు తప్ప పెద్దవాళ్ళు రాకూడదు.

కంపెనీ రోబో వాళ్ళే తయారుచేసి ఇచ్చిన కిట్టు, అడుగున సీలు వేసి ఉంది. "సీలు విప్పకండి," అని వాళ్ళ సారు తాడు అవతల నుంచి కేకేశాడు. "ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి, చాలు." నీలం టీషర్టు వేసుకున్న పిల్ల మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది. రోబో మూలుగుతోందే గాని కదలడం లేదు.

బొంగరం, ఊఁపిల్ల మూతను వెల్లకిలా తిప్పారు. ఊఁపిల్ల చక్రం కదలకుండా పట్టుకుంది. బొంగరం జేబులోంచి చిన్న కత్తి తీసి ఇరుసు పొడుగునా గీసింది. నూలు పీలికలు పీలికలుగా ఊడింది. కత్తెరత్త చీర చెంగు చేతికి బిగించి చుట్టుకుంది. చెప్పాల్సిందేమీ లేదు, వాళ్ళు సరిగ్గానే చేస్తున్నారు. కానీ చక్రం పక్కనున్న సందు మూయకపోతే మళ్ళీ చుట్టుకుంటుందే.

"పట్టీ," అంది ఊఁపిల్ల.

బొంగరం ఉలిక్కిపడి చూసింది. ఆ నోటివెంట ఇంకో మాట రావడం వినడం అదే మొదటిసారి.

"గుడ్డ పట్టీ కావాలి. సందుకి."

గుడ్డ ఎక్కడుంది? ఉన్నదల్లా పేరు కుట్టిన ముక్క, దాన్ని ముట్టుకోకూడదు. బొంగరం ఒక్క క్షణం తన కాళ్ళ వంక చూసుకుంది. ఎదిగే పిల్ల కదా అని కత్తెరత్త దాని యూనిఫారం ప్యాంటుకు కింద బోలెడు మడత వదిలి కుట్టింది. పిల్ల అక్కడే కూలబడి, పటపటా అంచు కుట్లు విప్పి, మడత గుడ్డను చుట్టూరా కోసేసింది. రెండో కాలిదీ కోసింది. నిన్న కుట్టిన అంచు. కత్తెరత్త "అయ్యో" అని, మళ్ళీ తనలో తనే "కొయ్యవే, కొయ్యి" అంది.

ఊఁపిల్ల పట్టీలను చక్రానికీ మూతకీ మధ్య సందుల్లో దోపి ఎలాస్టిక్‌తో బిగించి, కొసలు కత్తిరించింది. అంత తొందరలోనూ కొసలు కత్తిరించింది.

మైకాయన తాడు మీదుగా వంగి చూస్తున్నాడు. "ఏమండోయ్," అన్నాడు మెల్లగా, "ఇక్కడ నిజంగానే ఆల్టరేషన్లు చేయబడుతున్నాయండీ." జనం నవ్వారు. అది ఇందాకటి నవ్వు కాదు.

లేవబోతూ బొంగరం పక్కకు చూసింది. కత్తి మడిచి నీలం టీషర్టు పిల్లకు అందించింది. ఆ పిల్ల తీసుకుంది. చెయ్యి సీలు దాకా వెళ్ళింది. తలెత్తి వాళ్ళ సారును చూసింది. ఆయన వద్దన్నట్టు తలాడించాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుని కత్తి తిరిగి ఇచ్చేసింది.

మళ్ళీ ఈల మోగాక మూత ఆగలేదు. లోగో మీదుగా, అక్షరాల మీదుగా, తనకేమీ పట్టనట్టు బంతులు ఏరుకుంటూ పోయింది. వాలుబల్ల ఎక్కుతుంటే హాలు వెనక నుంచి ఎవరో "ఇచ్చట" అన్నారు. అవతలి మూల నుంచి ఇంకెవరో "చేయబడును" అన్నారు. అంతే, హాలంతా అందుకుంది. చివరి బంతి బుట్టలో పడేసరికి మైకాయన గొంతు కూడా వినబడలేదు. చిన్నా పెద్దా అయిన ప్యాంటుకాళ్ళతో బొంగరం గిర్రుగిర్రున తిరుగుతోంది. కత్తెరత్తకు కళ్ళు మసకబారాయి. తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి చెంగు ఖాళీ లేదు.

కప్పు స్పాన్సరుకే ఇవ్వాలట. వేదిక మీద టై ఆయనే అందించాడు. మైకు ఆమె మూతి ముందు పెట్టారు. కత్తెరత్త కప్పు వంక చూసింది, కింద పిల్లల వంక చూసింది.

"జిప్పులు కూడా మారుస్తాం," అంది.

&nbsp;

రెండు రోజులు తిరక్కుండా టై ఆయన కొట్టుకు వచ్చాడు. కప్పు అద్దం వెనక, బొమ్మకు కోటు తొడిగే చోట ఉంది. దాని పిడికి ఇంచీ టేపు వేలాడుతోంది. ఆయన స్టూలు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మేం మా రిసెప్షన్లో దీనికని అద్దాల బీరువా చేయించామండీ. ఏటా అక్కడే ఉంటుంది. మీ పేరు రాసిన చీటీ పెడతాం. ఇక్కడైతే దుమ్మూ ధూళీ..."

"రూలేమిటండీ?"

"గెలిచిన జట్టు స్పాన్సరు కార్యాలయంలో, వచ్చేపోయేవాళ్ళకు కనబడేటట్టు, ఏడాదిపాటు."

"కనబడట్లేదా?"

"కనబడుతోంది."

"ఆ రూలు రాసిందెవరు?"

"మేమేనండీ," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకే నవ్వొచ్చినట్టుంది. పెద్ద చెడ్డవాడేమీ కాదు.

"రూలు అందరికీ ఒకటే కదా. సరే గాని, ఆ కుడికాలి అంచు ఊడింది. టీవీలో కూడా కనబడింది. ఆ తెర వెనక్కి వెళ్ళి ప్యాంటు ఇటివ్వండి. దుప్పటి ఉంది, చుట్టుకోండి."

ఆయన వాదించబోయి, కాలి వంక చూసుకుని, లేచి వెళ్ళాడు. ప్యాంటు తెర మీదుగా బయటికి వచ్చింది. కత్తెరత్త సూదిలో దారం ఎక్కిస్తుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నీలం టీషర్టు లేకపోయినా ఆ పిల్లను గుర్తుపట్టింది. గుండెలకు హత్తుకున్న ప్లాస్టిక్ బకెట్టుకు చక్రాలున్నాయి. ఒకటి వంకర.

"నేనే చేశానండీ," అంది ఆ పిల్ల. "కిట్టు కాదు. వచ్చే ఏడాదికి. చూడ్డానికి బాగాలేదు. కానీ స్పాన్సరు కావాలి."

మిషను కింద పోగులు ఏరుతున్న బొంగరం, ఊఁపిల్ల తలలెత్తారు. తెర వెనక అలికిడి ఆగిపోయింది. కత్తెరత్త ప్యాంటు పక్కన పెట్టింది.

"తిరగేసి చూపించు."

పిల్ల బకెట్టు తిరగేసింది. లోపల తీగలు చిక్కుపడిన నూలు ఉండలా ఉన్నాయి. కొసలన్నీ వేలాడుతున్నాయి. కానీ అతికిన చోటల్లా గట్టిగా అతికింది, ఎక్కడా సీలు లేదు. కత్తెరత్త స్టూలు ముందుకు జరిపింది.

"కూర్చో. ఒసేయ్ ఊఁ, కొసలు ఎలా కత్తిరించాలో దీనికి చూపించు."

"ఊఁ," అని ఊఁపిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది.

తెర వెనక నుంచి గొంతు వినిపించింది. "అమ్మా, నా ప్యాంటు అయిందా?"

"కాస్త ఆగండి," అంది కత్తెరత్త, బకెట్టు ఒళ్ళోకి తీసుకుంటూ. "స్పాన్సరు పని మీద ఉన్నాను."